బుడమేరు మా గడపలోనికి వచ్చిన వారము

నేను రచయిత్రిని గాను. పాలవాని లెక్కయు, కిరాణా పద్దును వ్రాయుటకు దప్ప కలము పట్టిన అలవాటు లేనిదానను. బెజవాడలో అజిత్‌సింగ్ నగరున 20 సంవత్సరములుగా కాపురము చేయుచున్న ఒక సామాన్య గృహిణిని. పట్టణములను గూర్చి వ్రాయు పెద్దలు కోవెలలను, వంతెనలను, విశాలమైన వీధులను వర్ణింతురు. వంటయింటి కిటికీలోనుండి కనబడు పట్టణమును గూర్చి వ్రాయువారు అరుదు. ఆ కిటికీకడ నిలిచి నేను చూచినదియు, 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి వారమున ఆ కిటికీ క్రిందికి వచ్చిన నీరు నాకు నేర్పినదియు మీతో చెప్పుకొనవలెనని చాల దినములనుండి కోరికగా నున్నది. ఇందు నా గొప్ప యేమియు లేదు. నా తప్పొకటి కలదు. దానిని దాచక చెప్పెదను.

మా పేటలో ప్రొద్దు కుళాయి చప్పుడుతో మొదలగును. ఇంకను చీకటి యుండగనే బిందెలు, బకెట్లు వీధిలోనికి వచ్చును. తరువాత పాల పాకెట్ల బండి, వార్తాపత్రికల కుఱ్ఱవాడు, ఆ వెనుక ఆకుకూరల గంప. గోంగూర కట్టలు, తోటకూర, లేత బెండకాయలు గుమ్మములోనికే వచ్చును గాని, పండుగలకు పెండ్లిండ్లకు మాత్రము కాళేశ్వరరావు మార్కెట్టునకు పోవలసినదే. అచ్చట అల్లము, వెల్లుల్లి, ఎండుమిరప ఘాటు ముక్కున కెక్కగానే, బెజవాడకు క్రొత్తగా వచ్చిన కోడలు తుమ్ముటయు, అలవాటుపడిన కోడలు బేరమాడుటయు చూడవచ్చును. వేసవిలో ఎండలు రోళ్లు పగులునట్లు కాయును. అయినను ఆ యెండలలోనే నూజివీడు రసములు వచ్చును. ఆ యెండలలోనే ఆవకాయ జాడీలు నిండును. కావున మా యెండలను మేము తిట్టుకొందుమే గాని విడిచి పోము.

మా వారు ఆటోనగరులో లారీల విడిభాగములమ్ము దుకాణమున గుమాస్తా. కుమారుడు 9వ తరగతి చదువుచున్నాడు. అత్తగారికి 78 సంవత్సరములు; చక్కెర వ్యాధి యుండుటచే ఉదయము, రాత్రి ఇన్సులిన్ సూది తప్పనిసరి. మేము మేడమీది వాటాలో నుందుము. క్రింద రెండు వాటాలు. ఒకదానిలో పసిబిడ్డతో నొక యువ దంపతులు, రెండవదానిలో ఇద్దరు పిల్లల తల్లి. ఆమె భర్త లారీ నడుపుచు నెలలో సగము దినములు దూరదేశములందే యుండును. ఆమె సాయంకాలము వీధి మొదట తోపుడుబండిపై పునుగులు వేసి యమ్మును. మినపపిండి నూనెలో పడిన చప్పుడు మా వరండాలోనికి వినబడును. కాగితములో పొట్లముకట్టిన వేడి పునుగులు, అల్లపు పచ్చడి చేతబట్టుకొని, పనినుండి మరలివచ్చు కూలివారు, చదువు విడిచిన పిల్లలు బండి చుట్టు మూగుదురు. బెజవాడ సాయంకాలమునకు ఆ వాసనయే గుర్తు.

ఆమెకును నాకును మాటలు అంతంతమాత్రమే యుండెను. కారణము కుళాయి. మేము కుళాయి గొట్టమునకు చిన్న మోటారు బిగించుకొంటిమి. అది తిరుగునంతసేపు క్రింది కుళాయిలో నీరు సన్నగిలును. ఆమె రెండుమూడుమారులు, “అక్కా, మాకు బిందె కూడ నిండటం లేదు” అని చెప్పినది. “అందరూ బిగించుకొంటున్నారు గదా” యని నేను ప్రత్యుత్తర మిచ్చితిని. అందరును చేయు తప్పు తప్పుగా తోచదు గదా!

ఇక వార్తల మాట. మా యింట ఒక్కొక్కరిది ఒక్కొక్క వార్త. మా వారికి పత్రికలో ధరలు, కుమారునికి ఫోనులో క్రికెట్టు, నాకు ఇరుగుపొరుగు. అత్తగారికి మాత్రము పాత ట్రాన్సిస్టరు రేడియో. బెజవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. ఆమెకు ఆ కేంద్రము తన వయసు తోబుట్టువు వలెనే. ప్రొద్దుట భక్తిరంజని వినక ఆమె కాఫీ త్రాగదు. కరెంటు రేడియో కొనిపెట్టెదమన్నను ఒప్పుకొనక, సెల్లులతో నడచు దానినే పట్టుకొని యుండెను. ఆ మొండితనము మాకు మేలు చేసినది.

బెజవాడకు నీరు రెండు దారుల వచ్చును. ఒకటి కృష్ణ. ఆ నదికి 1852-55 సంవత్సరముల నడుమ ఆనకట్ట కట్టిరి. అది 1952లో కొంత తెగగా, దాని సమీపముననే 70 తలుపులతో క్రొత్త బ్యారేజీ నిర్మించి 1957లో ముగించిరి. దానికి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. కృష్ణను గూర్చి మాకందరకు భయభక్తులు కలవు. రెండవది బుడమేరు. మైలవరము వైపు కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు వాగు. వేసవిలో దీనిని చూచినవారు ఏరని యనరు, మురుగుకాల్వ యందురు. ఊరిమీద పడకుండ దీని నీటిని వెలగలేరు వద్ద మళ్లించి, కాల్వగుండ కృష్ణలోనికి పంపు ఏర్పాటు కలదు. అయితే కృష్ణయే నిండి పొంగునప్పుడు ఆ మళ్లించిన నీరు నదిలో చొరలేదు. పెద్ద వాకిలి మూసికొనినప్పుడు చిన్న వాకిలి బ్రద్దలగును. 2024లో జరిగినది అదియే.

ఆగస్టు 31వ తేదీ శనివారము. పగలంతయు వాన విడువలేదు. మొగల్రాజపురమున కొండచరియ విరిగిపడి ప్రాణములు పోయినవని విని గుండె ఝల్లుమన్నది. మా పేటలో వీధులు మోకాలిబంటి నీరు. ప్రతి సంవత్సరము వచ్చునదే గదా యనుకొంటిమి. ఆ సాయంకాలము నేను చేసిన మంచిపని యొకటి: త్రాగునీటి డబ్బాలు రెండు, 20 లీటర్లవి, నింపించి పెట్టితిని. చేయని పని యొకటి: అత్తగారి ఇన్సులిన్ సీసా అడుగంటుచున్నను, ఆదివారము తెచ్చుకొనవచ్చునని యూరకుంటిని.

ఆదివారము తెల్లవారకముందే క్రిందినుండి కేక వినబడినది. మళ్లింపు కాల్వ గట్టునకు మూడుచోట్ల గండ్లు పడి, బుడమేరు ఊరిలోనికి మళ్లినదని తరువాత తెలిసినది. మాకప్పుడు తెలిసినదెల్ల మెట్లపై నీరు ఒక్కొక్క మెట్టే యెక్కుచుండుట. మా వారును, కుమారుడును దిగి పసిబిడ్డను, పిల్లలను పైకి తెచ్చిరి. పునుగులామె మొదట పిల్లల బడి పుస్తకములు, పిమ్మట గ్యాసు పొయ్యి, బండ, ఆ వెనుక రుబ్బియుంచిన మినపపిండి గిన్నె తలపై పెట్టుకొని నడుములోతు నీటిలో వచ్చినది. ఆమె తోపుడుబండి మా కండ్లయెదుటనే లేచి, తేలి, వీధి మలుపు తిరిగిపోయినది. ఆమె దానివంక చూచి, ఒక్క మాటయు అనక పిండిగిన్నె దించినది.

కరెంటు పోయినది. సంపులో వరదనీరు చేరినది. డాబాపై తొట్టిలోని నీరు చేతులు కడుగుకొనుటకే గాని త్రాగుటకు ధైర్యము చాలలేదు. పదిమందిమి. ఆ సమయమున నేను చేసిన పని చెప్పెదను. రెండు డబ్బాలలో నొకదానిని మంచము క్రింద, ట్రంకుపెట్టె వెనుక జరిపి, పాత దుప్పటి కప్పితిని. ఎవరికిని చెప్పలేదు, మా వారికి సైతము చెప్పలేదు. “ముసలామె యున్నది, నా పిల్లవాడున్నాడు” అని మనస్సునకు సమాధానము చెప్పుకొంటిని. రెండవ డబ్బా మాత్రము అందరి నడుమ పెట్టి, ఎంతో ఉదారురాలివలె గ్లాసుతో కొలిచి పోసితిని.

ఆ దినమున ఆమె పిండియే మాకన్నము. ఇడ్లీలు వేసినది. నూనె ఖర్చు చేయరాదని పునుగులు వేయలేదు. వేసవిలో పెట్టిన ఆవకాయ, పొడులు కలవు. అత్తగారు ఇదివరలో ఆ బండి పునుగు నొక్కటియు నోటబెట్టి యెరుగదు. “వీధి నూనె” యని ముఖము త్రిప్పుకొనెడిది. ఆ మధ్యాహ్నము నాలుగు ఇడ్లీలు తిని, “అమ్మాయ్, పప్పు బాగా నానబెట్టావు” అన్నది. ఆమె నోట మెచ్చుకోలు విని నేను 16 సంవత్సరములైనది.

సోమవారము భయము నీటికంటె వేగముగా పెరిగినది. ఛార్జి మిగిలిన ఒక్క ఫోనులో, “బ్యారేజీ తెగినది, ఊరు ఖాళీ చేయండి” యని యెవరో పంపిన మాట వచ్చినది. ప్రక్క డాబాలపై ఏడ్పులు మొదలైనవి. పసిబిడ్డ తల్లి నీటిలో దిగి నడచిపోదుమని లేచినది. అత్తగారు రేడియో చెవికానించి, చేయెత్తి అందరిని నిలిపినది. వార్తలలో బ్యారేజీ తెగిన మాట లేదు. ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులని, అది 2009 వరదను మించినదని తెలిసినది. కొట్టుకొనివచ్చిన పడవలు బ్యారేజీ తలుపులకు తగిలినమాట నిజమే. కట్టడము మాత్రము నిలిచియేయున్నది. “క్యూసెక్కంటే ఎన్ని బిందెలురా?” యని అత్తగారు మనుమని నడిగినది. వాడు లెక్కకట్టినాడు. క్యూసెక్కనగా సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. మన బిందె 14 లీటర్లనుకొనినచో రెండు బిందెలు. అనగా సెకనుకు దాదాపు 23 లక్షల బిందెలు! ఆమె కొంతసేపు ఊరకుండి, “అన్ని బిందెలు పోతుంటే మనకు తాగను చెంబెడు లేదు” అన్నది. ఆ మాటకు అందరును నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు.

ఆ రాత్రి పసిబిడ్డకు పాలపొడి కలుపుటకు నీరు లేకపోయెను. డబ్బా అడుగంటినది. తల్లి ఖాళీ సీసా పట్టుకొని దీపము ముందు కూర్చుండినది. నేను లేచి లోనికి పోయి దుప్పటి తీసి, డబ్బాను ఈడ్చుకొని వచ్చితిని. ఎవరును మాటలాడలేదు. మా వారు నావంక చూచి తల వంచుకొనిరి. ఆ మౌనము వరదకంటె బరువుగా నుండెను. అప్పుడు పునుగులామె తన సంచిలో చేయిపెట్టి రెండు పాల పాకెట్లు తీసినది, అప్పటికే విరిగిపోయినవి. “నేనూ దాచాను అక్కా, నా పిల్లలకని. ఎవరికీ కాకుండా పోయాయి” అన్నది. పిమ్మట ఇరువురము కలిసి ఆ 20 లీటర్లను లెక్కవేసితిమి. మనిషికి రెండు లీటర్లు. నీరు కాచి, చల్లార్చి, ఆమె గిన్నెలలోనే పోసి మూతలు పెట్టితిమి. ఆ లెక్క పుస్తకమున వ్రాసినది ఆమె పెద్దకూతురు.

ఇక ఇన్సులిన్. ఫ్రిజ్ చల్లదనము లేదు. వాడుచున్న సీసా నీడపట్టున నుంచిన కొన్ని వారములు చెడదని వైద్యుడు మునుపు చెప్పియుండుటచే, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో నుంచితిమి. చెడుట కాదు, చాలుట మా చింత. మంగళవారము ఉదయపు సూదితో సీసా ముగిసినది. ఆకాశమున హెలికాప్టర్లు, డ్రోనులు ఆహారపు పొట్లములు దించుచుండెను. మా ప్రక్క డాబాపై నొక డ్రోను పొట్లము దించగా పిల్లలు చప్పట్లు చరచిరి. కాని మందు పొట్లములలో రాదు గదా! కుమారుడు ఎఱ్ఱని చీర నొకదానిని కఱ్ఱకు కట్టి ఊపెను. మధ్యాహ్నమునకు సహాయదళము వారి పడవ వచ్చినది.

అత్తగారు కదలనన్నది. “మీ మామగారు కట్టిన ఇల్లు. నీళ్లొచ్చాయని వదిలి పోతానా?” యని గుమ్మము పట్టుకొన్నది. మా వారు బ్రతిమాలిరి, నేను ఏడ్చితిని. పడవవారు తొందరపెట్టుచుండిరి. పునుగులామె దగ్గరకు పోయి, “మామ్మగారూ, నా బండి కొట్టుకుపోయింది. ఇల్లెక్కడికీ పోదు. మీరు తిరిగొచ్చాక మొదటి వాయి మీకే వేస్తాను, రండి” అన్నది. అత్తగారు రేడియోను కొంగులో చుట్టుకొని లేచినది. మా పేట వంతెనవద్ద పడవ దిగితిమి. అచ్చట వేలకొలది జనము. తడిసిన పిల్లలు, సంచులు, వెదకుకొనుచున్న బంధువులు. సమీపమున నున్న వైద్య శిబిరములో రక్తపరీక్ష చేసి సూది వేసిరి. కొంచెము ఆలస్యమైనచో ప్రమాదమయ్యెడిదని వైద్యురాలు చెప్పినప్పుడు, శనివారము నాటి నా అశ్రద్ధ తలచుకొని నా కాళ్లు వణికినవి.

సత్యనారాయణపురమున మా పిన్ని యింట తల దాచుకొంటిమి. పునుగులామెయు, పిల్లలును మాతోనే యుండిరి. సెప్టెంబరు 7వ తేదీ శనివారము వినాయకచవితి. ఆనాడే సైనికుల సాయముతో కాల్వకు మిగిలిన గండి పూడ్చిరని రేడియో చెప్పినది. పత్రికి దిక్కులేక పెరటిలోని గరిక, తులసితోనే పూజచేసితిమి. ఉండ్రాళ్లు ఆమెయే చేసినది. శమంతకోపాఖ్యానము చదువునప్పుడు, లేని నింద పుట్టుట యెట్టిదో, లేని వార్త పుట్టుట యెట్టిదో మాకందరకు బాగుగా తెలిసియుండెను.

ఇంటికి మరలిన తరువాతి దినములను గూర్చి విస్తరింపను. క్రింది వాటాలలో జానెడు బురద, ఉబ్బిన తలుపులు, తడిసి చెడిన బియ్యపు సంచి. బడి పుస్తకములు మాత్రము పొడిగానుండెను. బండి రెండు వీధులవతల ఒక గోడకు ఆనుకొని దొరకినది, చక్రమొకటి లేదు. మా వారు ఆటోనగరునుండి చక్రము తెచ్చి బిగించిరి.

సోదరీమణులారా! అనుభవముచే నేర్చినవి కొన్ని మీ మేలుకొఱకు చెప్పెదను. వానకాలము రాకముందే ఇంట వృద్ధులకు, రోగులకు కావలసిన మందులు కనీసము 15 దినములకు సరిపడ నుంచుకొనుడు. సూది వేయించుకొను మధుమేహరోగులు ఆహారము తగ్గినపుడు మందు పరిమాణమును గూర్చి వైద్యుని ముందుగనే అడిగి వ్రాసి పెట్టుకొనవలెను. ఆకలితో ఎప్పటివలె సూది వేసికొనుట అపాయకరము. త్రాగునీటిని తెర్లు వచ్చువరకు కాచి, కనీస మొక నిమిషమట్లే మరగనిచ్చి, మూతపెట్టి చల్లార్చుడు. విరేచనములైనచో ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమమైన చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుడు. చెంచా యనగా టీచెంచా. నీరు లోనికి వచ్చుచున్నదని తెలియగానే కరెంటు మెయిను ఆపి, గ్యాసు బండ మీట కట్టివేయుడు. నీరు తీసిన పిమ్మట తెలిసిన పనివాడు పరీక్షింపక మెయిను వేయరాదు. బురద యెత్తునప్పుడు కాళ్లకు, చేతులకు తొడుగులు లేక దిగకుడు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన పుండ్లగుండ జ్వరములు సంక్రమించును. వరదలో తడిసిన బియ్యము, పప్పు ఎంత ప్రియమైనవైనను పారవేయుడు. దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో నుంచి అటకపై పెట్టుడు. సెల్లులతో నడచు రేడియో ఒకటి, అదనపు సెల్లులు నాలుగు ఇంట నుండవలెను. ఫోనులో వచ్చిన ప్రతి మాటను ఇంకొకరికి పంపుటకుముందు, అది ఎవరు చెప్పిరో విచారింపుడు.

నా తప్పును గూర్చి చెప్పెదనంటిని గదా. నీటి డబ్బా దాచుటకంటె ముందుది కుళాయి మోటారు. వరద పోయిన పదునైదవ దినమున దానిని విప్పించితిని. ఇప్పుడు కుళాయికి వంతులు పెట్టుకొంటిమి. మొదటి పావుగంట క్రిందివారిది, తరువాతిది మాది. మా బిందెలు నిండుట కొంచెము ఆలస్యమగుచున్నది. సాయంకాలము బండి వెలిగించినప్పుడు మొదటి వాయి నాలుగు పునుగులు పొట్లము కట్టి, పిల్లచేత మేడపైకి పంపును. అత్తగారు వరండాలో కుర్చీ వేసికొని ఆ పొట్లముకొఱకు ఎదురుచూచుచుండును. చక్కెర వ్యాధికి నూనె పిండివంటలు మంచివి కావని నేను చెప్పితిని. రెండు తిని రెండు మనుమనికిచ్చుటకు ఒప్పందము కుదిరినది. అప్పుడప్పుడు మూడు తినుచున్నదని నా యనుమానము.